మంచు ఊరికి కప్పు వద్దన్నాయన

ఏసీ బాగుచెయ్యడానికి కొత్తగా వస్తున్నతను నిచ్చెన మీద నిలబడి ఫిల్టర్ ఊడదీస్తూ, పాతాయన పోయాడని చెప్పాడు. అమ్మ వంటింట్లోంచే "ఏ పాతాయన?" అని అడిగింది.

"గదే మేడం, డోమ్ కత జెప్తుండె గద, ఆయన."

"అయ్యో పాపం, ఆ అబ్బాయా" అంది అమ్మ.

ఆ అబ్బాయికి పోయేనాటికి యాభై దాటి ఉంటాయి. అరబ్బు దేశపు తూర్పు తీరాన, అల్ అజీజియాలో, కంపెనీ ఇంజనీర్ల ఇళ్ళుండే మా కాంపౌండ్ పద్ధతి అది. ఇంజనీర్లందరూ పిల్లలకి అంకుల్స్. పనిముట్ల పెట్టెతో వచ్చేవాళ్ళందరూ, తల నెరిసినా సరే, అమ్మలకి అబ్బాయిలు. ఆ అబ్బాయిలని పిల్లలు ఏమని పిలవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకని ఆరేళ్ళపాటు ఆయనతో నేను మాట్లాడిన ప్రతి మాటా "అదీ..." అనే మొదలైంది. ఆయన నన్ను మొదటి రోజు నుంచే "బిడ్డా" అన్నాడు. ఆయన పేరు నాకు తెలుసు. ఉన్నప్పుడు ఒక్కసారైనా పలకని పేరుని ఇప్పుడు ఇక్కడ రాయడానికి మనసొప్పడం లేదు.

ఆయనది జగిత్యాల పక్క పల్లె. సన్నగా, కొంచెం వంగి ఉండేవాడు. ఇంట్లోకి రాగానే ఏసీ దగ్గరికి వెళ్ళేవాడు కాదు. ముందు కిటికీ తెరిచేవాడు. బయట నలభై ఎనిమిది డిగ్రీలు ఉన్నా సరే తెరిచేవాడు. చల్లదనమంతా పోతోందని అమ్మ గోల పెడితే, "పోనియ్ మేడం, మల్ల జేస్త. గాలికి తొవ్వ ఉండాలె" అనేవాడు. ఆ తర్వాత ఏసీ ముందు అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకునేవాడు. నాడి చూస్తున్నట్టుండేది. కాసేపటికి "దీని పానం మంచిగ లేదు" అని తేల్చేవాడు. ఇరవై ఏళ్ళుగా చల్లగాలి పంచుతున్న మనిషికి చల్లగాలి మీద అంత చిన్నచూపు ఎందుకో నాకు అప్పట్లో అర్థం కాలేదు. డిగ్రీని కూడా ఉత్తరాల ద్వారా చదివిన దాన్ని, తలుపులు మూసిన ఇల్లు తప్ప మరొకటి ఎరగను. గాలికి దారి ఉండాలన్న ఆలోచన నాకు కొత్త.

తొంభై ఒకటి జనవరిలో యుద్ధం మొదలైంది. విషవాయువుల బాంబులు పడొచ్చని, ప్రతి ఇంట్లో ఒక గదిని ప్లాస్టిక్ షీటుతో, టేపుతో గాలి చొరకుండా మూసుకోమన్నారు. కంపెనీ చాలా బాధ్యతగా ప్రవర్తించింది. మా ఇంటికి మనిషికొకటి చొప్పున నాలుగు మాస్కులు పంపింది. లేబర్ క్యాంపుకి, తడి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకోవచ్చని నోటీసు పంపింది. తువ్వాలు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.

మా గదికి టేపు వెయ్యడానికి ఆయనే వచ్చాడు. అప్పుడే పొద్దుగూకుతోంది. ఏసీ రంధ్రం మీద చివరి పట్టీ అంటిస్తుండగా సైరన్ మోగింది. నాన్న తలుపు మూసేశాడు. మేం నలుగురం, అంటే అమ్మ, నాన్న, చెల్లి, నేను, మాస్కులు తగిలించుకున్నాం. తర్వాత ఐదో మనిషిని చూశాం. అమ్మ సీసాలో నీళ్ళతో వంటింటి తువ్వాలు తడిపి ఇచ్చింది. ఆయన దాన్ని ముక్కుకి అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. గది నాలుగు మూలలూ, పైకప్పూ ఒకసారి చూసుకున్నాడు.

"సార్, గది చిన్నది. ఐదుగురం. గంటన్నర నడుస్తది."

"ఏది?" అన్నాడు నాన్న మాస్కులోంచి.

"గాలి. తక్కువ మాట్లాడితె రెండు గంటలు."

అప్పటిదాకా దేవుడి నామాలు పైకి చదువుతున్న అమ్మ, అక్కణ్ణుంచి మనసులో చదువుకుంది. మా ఇంట్లో అంత నిశ్శబ్దం మళ్ళీ ఎప్పుడూ లేదు. నలభై నిమిషాలకి ప్రమాదం తప్పిందని రేడియోలో చెప్పారు. ఆయన లేచి, తను అంటించిన టేపు తనే చింపి, కిటికీ తెరిచాడు. మర్నాడు మళ్ళీ వచ్చి మళ్ళీ అంటించాడు. మా నాలుగు మాస్కుల గురించి ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

యుద్ధం అయిపోయాక మెయింటెనెన్సుకి ఒక అమెరికన్ సూపర్‌వైజర్ వచ్చాడు. అతనిది అమెరికాలో ఉత్తరాన, ఏడాదిలో ఐదు నెలలు మంచు కురిసే ఊరు. ఆ ఊరికి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉంది. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆటని వాళ్ళు ఫుట్‌బాల్ అంటారు. ఎందుకలా అంటారని ఎవరూ అడగలేదు. సూపర్‌వైజర్లని ఏమీ అడగకపోవడం మావాళ్ళకి ముందునుంచీ అలవాటు.

ఆ ఊళ్ళో అప్పట్లో పెద్ద తగవు నడుస్తోంది. ఆట మైదానం మీద గుమ్మటంలాంటి కప్పు, అంటే డోమ్, వెయ్యాలా వద్దా అని. మంచులో ఆడితేనే మగతనమని కొందరూ, వెచ్చగా కూర్చుని చూస్తే తప్పేమిటని కొందరూ. మా సూపర్‌వైజర్ వెచ్చగా కూర్చునే పక్షం. అక్కడినుంచి వీడియో క్యాసెట్లు తెప్పించి, ప్రతి శుక్రవారం క్యాంపు మెస్‌లో వేసేవాడు. కరీంనగర్, నిజామాబాదు పల్లెలవాళ్ళు నలభై మంది, మంచులో మనుషులు ఒకరి మీద ఒకరు పడుతుంటే శ్రద్ధగా చూసేవాళ్ళు. క్యాంపు మొత్తంలో ఏసీ సరిగ్గా పనిచేసేది మెస్‌లో ఒక్కచోటే.

మా ఇంట్లో కూడా గురువారం సాయంత్రాలు డోమ్ మీదే చర్చ. నాన్న, ఆయన స్నేహితులూ పకోడీలు తింటూ, టిష్యూ కాగితాల మీద గుమ్మటాలు గీస్తూ, మంచు బరువు ఎంత పడుతుందో, లోపల వెచ్చబెట్టడానికి ఎంత కరెంటు కావాలో లెక్కలు వేసేవాళ్ళు. ఫ్రిజ్ పై అరలో తప్ప మంచుని చూసినవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు. వద్దన్నవాళ్ళూ ఎవరూ లేరు. ఇంజనీర్ల ప్రమోషన్ల కాగితాలు కూడా ఆ సూపర్‌వైజర్ బల్ల మీదుగానే వెళ్తాయని నాకు తర్వాత తెలిసింది.

ఏసీ ఆయనకి కావలసింది ప్రమోషన్ కాదు. సెలవు. ఊళ్ళో ఇల్లు కట్టుకుంటున్నాడు. గోడలు లేచి మూడేళ్ళయింది. స్లాబ్ పడలేదు. యుద్ధం వచ్చి సెలవులన్నీ రద్దయ్యాయి. మట్టి పెట్టి కట్టిన ఇటుక గోడలు మూడు వానాకాలాలు తడిశాయి, ఇంకొకటి తడిస్తే నిలబడవని మేస్త్రీ కబురు పంపాడు. భార్యా, ఏడేళ్ళ కూతురూ ఆ గోడల పక్కనే రేకుల కింద ఉంటున్నారు. తమ్ముడు దగ్గరుండి స్లాబ్ వేయిస్తానన్నా ఆయన ఒప్పుకోలేదు. స్లాబ్ రోజున ఇంటి యజమాని కొబ్బరికాయ కొట్టి, మొదటి తట్ట కాంక్రీటు తన చేత్తో పొయ్యాలి. కూలీలకి అన్నం తనే వడ్డించాలి. అది వాళ్ళ ఊరి పద్ధతి. సెలవు దరఖాస్తు పెట్టి రెండు నెలలైంది. అది సూపర్‌వైజర్ బల్ల మీద, క్యాసెట్ల కింద ఉందని నాన్న చెప్పాడు. సూపర్‌వైజర్ సంతకం చేస్తే గానీ, దేశం దాటి వెళ్ళి తిరిగి రావడానికి కావలసిన ఎగ్జిట్-రీఎంట్రీ కాగితం కదలదు.

అలా ఉండగా ఏప్రిల్ నెలాఖరున క్యాంపులో ఒక కాగితం తిరిగింది. పైన నాలుగు లైన్ల ఇంగ్లీషు, కింద వరస నంబర్లు. అటువంటి కాగితం వస్తే అది లీవు లిస్టు. సంతకం పెట్టి, పక్కన అకామా, అంటే నివాస అనుమతి కార్డు, నంబరు వెయ్యాలి. మావాళ్ళకి తెలిసిన ఆఫీసు విద్య అంతే, అది అప్పటిదాకా ఎన్నడూ తప్పలేదు. ముప్ఫై ఎనిమిది మంది వరసగా సంతకాలు పెట్టేసి, ఇంటికి ఉత్తరాలు కూడా రాసుకున్నారు, వస్తున్నామని.

ఆయన పెట్టలేదు. మిషను మీద అంటించిన వివరాల రేకు చదవకుండా స్క్రూ ముట్టకూడదన్నది ఆయన నియమం. అయితే వోల్టులు, ఆంపియర్లు దాటితే ఆయన ఇంగ్లీషు అయిపోయేది. అందుకని సర్వీసింగ్‌కి వచ్చినప్పుడు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పెట్టెలో తెచ్చాడు.

"సారు లేడా బిడ్డా? జర ఇది సదివియ్యాలె."

నాన్న ఆఫీసులో ఉన్నాడు. అమ్మ, పప్పు పొయ్యి మీద ఉందని, నన్ను చదవమంది. బయటి మనిషి ఎదురుగా నా గొంతు నాకే వినపడదు. భోజనాల బల్లకి ఇటు పక్క నిలబడి, కాగితం ముఖానికి అడ్డం పెట్టుకుని చదివాను. ఎండలోనూ చలిలోనూ మనుషులకి సౌఖ్యం కలిగించే పనిలో ఆరితేరిన మేము, మా సూపర్‌వైజర్ గారి ఊరి ప్రజలు తమ ఆట మైదానానికి కప్పు వేసుకోవాలని ఏకకంఠంతో కోరుతున్నాము. అదీ సంగతి. ఆ ఊరి పత్రికకి పంపడానికి సూపర్‌వైజర్ తయారు చేశాడు.

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"లీవు ముచ్చట ఏం లేదా?"

లేదన్నాను.

"ఎంతమంది కూసుంటరంట అండ్ల?"

టిష్యూ కాగితాల మీద చూసిందేదో గుర్తుచేసుకుని, డెబ్భై వేలు ఉండొచ్చన్నాను.

"యాడాదికి ఎన్ని దినాలు ఆడుతరు?"

ఎనిమిది ఆదివారాలని నాన్నవాళ్ళు అనుకుంటుంటే విన్నాను. చెప్పాను. ఆయన వెళ్ళి కిటికీ ఇంకాస్త తెరిచాడు. డెబ్భై వేల మంది ఊపిరికి దారి వెతుకుతున్నాడని నాకు అనిపించింది.

ఏ పుస్తకంలో చదివిన ధైర్యమో, నేనే నోరు తెరిచాను. "అదీ... పెట్టెయ్యండి సంతకం. సెలవు ఆ సూపర్‌వైజర్ చేతిలోనే ఉంది కదా."

"సంతకం ఉట్టిగ పెడ్తరా బిడ్డా? ఇది నా పని. నా పని మీద అడిగిండు. వద్దని నాకు ఎరికైనంక కావాలని ఎట్ల పెడత?" అని, కుర్చీ నా వైపు జరిపాడు. "నువ్వు ఇంగ్లీషుల రాయి. నేను జెప్త."

చెప్పాడు. ఆ రోజు డైరీలో ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాను కాబట్టి ఇప్పుడు ఇక్కడ ఇవ్వగలుగుతున్నాను.

"ఇరవై ఏండ్ల సంది మూసిన రూముల్ల సల్లగాలి ఇడుస్తున్న. కప్పు ఏసినంక ఇగ దినాం మిషను నడువాలె. మిషను నడిచినన్ని దినాలే అది ఇల్లు. ఆగిందనుకో, డబ్బా. డబ్బాల కూసున్నోనికి దాని కత ఎరుక. మంచు పడితె పడనియ్యిండ్రి. ఆట సూడ వచ్చినోడు సలి పెడితె దుప్పటి కప్పుకుంటడు. కప్పు లేకుంట వానకు తడిసెటోల్లు లోకంల మస్తు మంది ఉన్నరు. ఎనిమిది దినాలు ఆడెటోల్లకు ఎందుకు? గిది రాసి, కింద నా పేరు రాయి."

నేను కలం తీసుకున్నాను. ఇంగ్లీషులో ఏది రాసినా మార్కులు తెచ్చుకునే దాన్ని. ఆయన చెప్పింది రాస్తే ఎంత బాగుండేదో నాకు తెలుసు. ఆయన చెప్పింది రాస్తే దరఖాస్తు క్యాసెట్ల కింద ఎంతకాలం ఉంటుందో కూడా తెలుసు. వంటింటి గుమ్మానికి ఆరేసిన తువ్వాలు కనిపిస్తోంది.

ఆ సంతకాల కింద ఇలా రాశాను: ఎయిర్ కండిషనింగ్‌లో ఇరవై ఏళ్ళ అనుభవంతో చెబుతున్నాను, ఆ మైదానానికి కప్పు తప్పనిసరి. కప్పు విలువ నాకు బాగా తెలుసు, ఎందుకంటే మా ఇంటికి అది లేదు. వానలు రాకముందే వేయించుకోవడానికి నాకు సెలవు ఇప్పించగలరు.

ఆయన కాగితం తీసుకుని, నా అక్షరాల మీద మెల్లగా వేలు నడిపించాడు. "ముత్యాలోలె రాసినవ్" అని కింద సంతకం పెట్టాడు. అకామా నంబరు వేశాడు. పప్పు దించి వచ్చిన అమ్మ, ఏం రాశావే అని అడిగితే, ఆయన చెప్పిందే రాశానన్నాను.

తర్వాత జరిగింది నాన్న చెబితే విన్నాం. ముప్ఫై ఎనిమిది సంతకాల మధ్య కారణంతో సహా అభిప్రాయం రాసినవాడు ఒక్కడే ఉన్నాడని సూపర్‌వైజర్ కరిగిపోయాడట. శుక్రవారం మెస్‌లో క్యాసెట్ ఆపి, నేను రాసిన మూడు ముక్కలూ పైకి చదివాడట. అర్థమైనవాళ్ళు ఎవరూ లేరు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన ఛాతీ ముందుకు పెట్టుకుని నిలబడ్డాడట, దొర ముఖాన వద్దని చెప్పిన మనిషి నిలబడవలసినట్టే. ఆ సూపర్‌వైజర్ పనివాళ్ళతో మాట్లాడేది బొటనవేలితోనే. బొటనవేలు పైకెత్తి చూపించి, మర్నాడు సెలవు కాగితం మీద సంతకం చేశాడు.

స్లాబ్ పడింది. నెలన్నర తర్వాత తిరిగొచ్చినప్పుడు సకినాల డబ్బా, ఒక ఫొటో తెచ్చాడు. ఫొటోలో ఆయన కొత్త లుంగీలో, చేతిలో కాంక్రీటు తట్టతో, కెమెరా వైపు చాలా కోపంగా చూస్తున్నాడు. సంతోషం వస్తే ఆయన ముఖం అలాగే ఉండేది. "నిజం జెప్తె తెల్లోడు గూడ ఇంటడు బిడ్డా" అన్నాడు. నేను "అదీ..." అన్నాను. ఆ తర్వాతి మాట రాలేదు. ఆ రోజు రాలేదు, ఆ తర్వాత మూడుసార్లు ప్రయత్నించినప్పుడూ రాలేదు.

ఇక్కడితో ఆగినా సరిపోయేది. ముప్ఫై ఎనిమిది మందికీ, తాము పెట్టింది లీవు సంతకం కాదని ఆలస్యంగా తెలిసింది. అవునన్నవాళ్ళకి సెలవు రాలేదు, కాదన్నవాడికి వచ్చింది. దాంతో క్యాంపులో నిజం చెప్పే ఉద్యమం ఒకటి మొదలైంది. ఒకతను, కొత్తగా కొన్న కంప్రెసర్లు పనికిరానివని సూపర్‌వైజర్‌కి చెప్పాడు. ఇంకొకతను మెస్‌లో కూర వాసన వస్తోందని చెప్పాడు. రెండూ అక్షరాలా నిజాలే. ఇద్దర్నీ వారం తిరక్కుండా పడమటి తీరాన ఉన్న రాబిగ్ సైటుకి పంపేశారు. సముద్రం మారిందే తప్ప వాళ్ళకి ఇంకేం ఒరగలేదు. ఆయన వాళ్ళ గురించి చాలా బాధపడ్డాడు.

"ఆల్లకు చెప్పుడు రాలె బిడ్డా. నిజం ఒక్కటి ఉంటె సాలది. మంచిగ రాపియ్యాలె."

అప్పుడు నేను గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. సిగ్గుపడే పిల్ల కదా అని ఎవరూ ఏమీ అనుకోలేదు. సిగ్గరితనానికి ఆ సౌకర్యం ఉంది.

ముప్ఫై తొమ్మిది మంది నిపుణుల విన్నపం అందాక కూడా ఆ మంచు ఊరు కప్పు వేసుకోలేదు. వాళ్ళు వెయ్యడం లేదని నాన్న పేపర్లో చూసి చెబితే, ఆయన ఫిల్టర్ దులుపుతూ తలాడించాడు. "ఇన్నరన్నట్టు" అన్నాడు. గొప్పగా కాదు, బాధ్యత తీరినట్టుగా. అప్పటినుంచీ ఎవరింట్లో ఏసీ బాగుచేసినా, అమెరికాలో ఒక డోమ్ ఆగిపోయిన కథ చెప్పేవాడు. విన్న ఇంజనీర్లు ఆయన వెళ్ళాక నవ్వుకునేవాళ్ళు. వద్దన్న మాట ఒకటి ఆ రోజుల్లో మావాళ్ళలో ఎక్కడైనా పుట్టిందంటే అది ఆ ఒక్క మనిషి నోటనే. అది తెలిసిన దాన్ని నేను పకోడీల పళ్ళెం పట్టుకుని వాళ్ళ మధ్య నిలబడి ఉండేదాన్ని.

తొంభై ఆరులో ఆయన ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఇక తిరిగి రాకుండా, వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు అమ్మకి చెప్పి వెళ్దామని వచ్చాడు. ఎప్పట్లాగే కిటికీ తెరిచి, ఏసీ నాడి చూసి, ఇంకో రెండేళ్ళు నడుస్తుందన్నాడు. తర్వాత జేబులోంచి ఒక జిరాక్స్ తీశాడు. అదే కాగితం. సూపర్‌వైజర్ తన దేశం వెళ్ళిపోతున్నప్పుడు అడిగి తీసుకున్నాడట. పటం కట్టిస్తానన్నాడు.

"అదీ... ఎవరికీ చూపించకండి" అన్నాను.

"ఎందుకు సూపియ్య? నా బిడ్డ ఇంగ్లీషు సదువుతున్నది. గామెతోని సదివిపిస్త" అన్నాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. గేటు దాకా వెళ్ళాను. ఆయన వెనక్కి తిరిగి, ఎండలో నిలబడొద్దు, లోపలికి పొమ్మన్నాడు. పోయాను. ఆ రోజు డైరీలో రెండు లైన్లే ఉన్నాయి, రెండూ కొట్టేసి ఉన్నాయి.

ఇప్పుడు, రెండేళ్ళకి, ఈ కొత్తతను వచ్చి ఆయన పోయాడని చెప్పాడు. గుండె ఆగిపోయిందట, తన ఇంట్లో, తను పోసిన స్లాబ్ కింద. ఇతను సెలవుకి ఊరు వెళ్ళినప్పుడు పలకరించడానికి వాళ్ళింటికి వెళ్ళొచ్చాడు. మంచి ఇల్లు, కిటికీలు ఎక్కువ అన్నాడు. ముందు గదిలో గోడకి పటం ఉందట. వచ్చినవాళ్ళందరూ అది చూపించి, ఇదే కదా ఆయన అమెరికావాళ్ళకి రాసిన కాగితం, అందులో ఏముందో మళ్ళీ ఒకసారి వింటామన్నారట. కూతురు లేచి, పటం దించి చదివిందట.

నా చేతిలో ఈ కొత్తతని కోసం తెచ్చిన టీ కప్పు ఉంది. "అదీ... ఏమని చదివింది?" అన్నాను.

"ఏముంది మేడం, కప్పు వద్దని రాసిండు గద. మిషను ఆగితె డబ్బా అని, సలి పెడితె దుప్పటి కప్పుకుంటరని. అంత తెలుగుల జేసి చెప్పింది. ముసలోల్లు గూడ ఏడ్సిన్రు."

"కాగితం చూస్తూనే చదివిందా?"

"సూస్తనే సదివింది. ఏలు పెట్టి ఒక్కొక్క లైను. మద్యల ఒక్కపారి ఆగింది గని, మల్ల సదివింది."

"ఏం చదువుతోంది ఆ అమ్మాయి?"

అతను ఫిల్టర్ బిగించి, నిచ్చెన దిగి, చేతులు తుడుచుకున్నాడు.

"తొమ్మిది మేడం. ఇంగ్లీషు మీడియం. క్లాసుల ఆమెనే ఫస్టు."